బీడు పొయ్యికి వేడిని తట్టుకునే రంగు: డబ్బా మీది అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

సంక్షిప్తంగా: బీడు (పోత ఇనుము) పొయ్యికి కొత్తగా రంగు వేయించేవారు సాధారణంగా డబ్బా మీద ముద్రించిన ఉష్ణోగ్రతను బట్టి ఎంచుకుంటారు. ఆ అంకె అవసరమే. అయితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరప్రాంతంలో పొయ్యి రంగు పెచ్చులూడటానికి మంట కన్నా చెమ్మ, ఉప్పు పెద్ద కారణాలవుతున్నాయి. రంగు రకం ఎంత ముఖ్యమో, దాని కింద లోహం ఎంత శుభ్రంగా ఉంది, వేసిన తరువాత రంగును ఎలా కాల్చి గట్టిపరిచారు అన్నవీ అంతే ముఖ్యం.

కట్టెల పొయ్యి మీద వండిన భోజనానికి గిరాకీ కనిపించడంతో రహదారి పక్క హోటళ్లలోనూ, తోటల్లో కట్టుకున్న ఇళ్లలోనూ పాత పొయ్యిలు మళ్లీ కొలువు తీరుతున్నాయి. మట్టి పొయ్యి అయితే అలికితే కొత్తదవుతుంది. బీడు పొయ్యికి ఆ సదుపాయం లేదు. పాత ఇనుము కొట్టులో దొరికినదైనా, దొడ్లో ఏళ్ల తరబడి పడి ఉన్న వేన్నీళ్ల పొయ్యి అయినా, దానికి రంగు వేయించాలనుకోగానే దుకాణంలో నాలుగైదు రకాల డబ్బాలు ఎదురవుతాయి. హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం, హై హీట్ బ్లాక్, ఇంజన్ ఎనామిల్, బైకు సైలెన్సర్లకు కొట్టే స్ప్రే ఇలా పేర్లు వేరైనా, అన్నీ వేడిని తట్టుకుంటాయనే చెబుతాయి.

రంగు వేసిన ఏడాదికి అలాంటి పొయ్యిని దగ్గరగా చూస్తే రెండు తేడాలు కనిపిస్తాయి. తలుపు చుట్టూ రంగు పాలిపోయి, వేలితో రాస్తే పొడిలా అంటుకుంటుంది. కాళ్ల దగ్గర, బూడిద అర అంచున మాత్రం రంగు నల్లగానే ఉండి, చిన్న చిన్న బొబ్బలుగా ఉబ్బుతుంది; బొబ్బను గోరుతో గిల్లితే కింద నారింజ రంగు పొడి రాలుతుంది. మొదటిది వేడి చేసిన పని, రెండోది చెమ్మ చేసిన పని. ఒకే డబ్బాలోని రంగు ఒకే పొయ్యి మీద రెండు వేర్వేరు కారణాలతో చెడుతోంది కాబట్టి వాటిని విడివిడిగా చూడవలసి ఉంటుంది.

మామూలు ఎనామిల్ ఎందుకు నిలవదు

తలుపులకూ గ్రిల్లులకూ వేసే ఎనామిల్ రంగులో రేణువులను పట్టి ఉంచే జిగురు నూనెల నుంచి తయారైన ఆల్కిడ్ రెసిన్. దాని వెన్నెముక కార్బన్ గొలుసు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువసేపు ఉంటే అది పసుపెక్కి, పెళుసుబారి, ఇంకా పైకి వెళితే కాలిపోతుంది. కట్టెల పొయ్యి బయటి పలకలు సాధారణ వాడకంలోనే 200 నుంచి 400 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకే తలుపుల రంగు పొయ్యి మీద మొదటి పండగ వంటకే పొగ చూరి రాలిపోతుంది.

వేడిని తట్టుకునే రంగుల్లో జిగురు సిలికోన్ రెసిన్. ఇందులో వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసు. ఈ బంధాన్ని తెంచడానికి కార్బన్ బంధాన్ని తెంచడానికి కన్నా ఎక్కువ శక్తి కావాలి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని చిల్లకూరు, కోట ప్రాంతాల్లో తవ్వి గాజు పరిశ్రమకు పంపే తెల్లటి సిలికా ఇసుకను గట్టిగా ఉంచేదీ ఈ బంధమే. సిలికోన్ గొలుసుకు పక్కల వేలాడే కార్బన్ సమూహాలు 350, 400 డిగ్రీల ప్రాంతంలో క్రమంగా కాలిపోయినా వెన్నెముక మిగులుతుంది. అది ఇసుక లాంటి సిలికా వలగా మారి రంగు రేణువులను ఇనుముకు అంటిపెట్టి ఉంచుతుంది. అంటే మంచి పొయ్యి రంగు వాడుతున్నకొద్దీ రంగు స్వభావాన్ని కోల్పోయి గాజు స్వభావాన్ని సంతరించుకుంటుంది. ఈ మార్పు సవ్యంగా జరగాలంటే పూత పలచగా ఉండాలి. మందంగా వేస్తే లోపలి ఆవిర్లు బయటపడే దారి లేక బొబ్బలు లేస్తాయి, ఆరిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతాయి. ఆరిన తరువాత ఒక్కో పూత 20, 25 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకుండా రెండు పూతలు వేయడం మేలు. మూడో పూత వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ.

డబ్బా మీది 600 ఏ కొలతలో

కొనుగోలుదారులను ఎక్కువగా తికమక పెట్టేది ఫారెన్‌హీట్, సెల్సియస్ కొలతల గందరగోళం. విదేశీ స్ప్రే డబ్బాల మీద అంకె ఫారెన్‌హీట్‌లో ఉండవచ్చు. 1200 ఫారెన్‌హీట్ అంటే సుమారు 650 సెల్సియస్. 1000 అంటే 538. 500 అంటే 260 మాత్రమే. మన దేశంలో తయారైన హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం డబ్బా మీది 600 సెల్సియస్‌లో ఉంటే, పక్కనే ఉన్న మరో డబ్బా మీది 600 ఫారెన్‌హీట్ అయితే, రెండోది 315 సెల్సియస్ దగ్గరే చేతులెత్తేస్తుంది. రెండు అంకెలూ ఒకటే, రెండు రంగుల స్తోమతు మాత్రం సగానికి సగం తేడా. అంకె పక్కనున్న చిన్న అక్షరాన్ని చూడకుండా ధర పోల్చడంలో అర్థం లేదు.

ఇంజన్ ఎనామిల్ సాధారణంగా 260 సెల్సియస్ తరగతికి చెందినది. నూనె, పెట్రోలు పడినా తట్టుకోవడం దాని ప్రత్యేకత. పొయ్యి ముందు పలకకు అది చాలదు. సైలెన్సర్ స్ప్రేలలో నిజంగా సిలికోన్ రెసిన్ ఉన్నవీ ఉన్నాయి, త్వరగా ఆరి మెరిసే మామూలు నల్ల పూత (లాకర్) మాత్రమే ఉన్నవీ ఉన్నాయి; డబ్బా మీద సిలికోన్ అన్న మాట, వేసిన తరువాత వేడి చేయాలన్న సూచన లేకపోతే అనుమానించాలి. వేడిని తట్టుకునే అల్యూమినియం రంగులకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13183 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఆ సంఖ్య ఉన్న డబ్బా దొరికితే ఎంపిక కొంత సులువవుతుంది.

పై హద్దు ఎక్కడ అన్నదానికి కంటితో తెలిసే గుర్తు ఒకటి ఉంది. చీకట్లో చూస్తే ఇనుము సుమారు 525 డిగ్రీల దగ్గర మసకగా ఎర్రబారడం మొదలుపెడుతుంది. పొయ్యి పలకలో ఏ భాగమైనా స్పష్టంగా ఎర్రబడుతోందంటే అక్కడ వేడి ఏ డబ్బా రంగుకైనా హద్దుల్లో ఉందని చెప్పలేం. అలాంటప్పుడు మార్చవలసింది లోపలి ఇటుక పేర్పునూ, గాలి ఎక్కువగా పోతున్న తలుపు సందునూ.

నలుపా, వెండి రంగా

నల్ల రంగు, అల్యూమినియం రంగుల మధ్య ఎంపికను చాలామంది అందం లెక్కన చూస్తారు. నిజానికి ఇది వేడి ఎటు పోవాలన్న లెక్క. పూర్తి నల్లటి ఉపరితలం 300 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకు సుమారు 6 కిలోవాట్ల వేడిని చుట్టూ వెదజల్లుతుంది. గరుకైన నల్ల రంగు అందులో పదింట తొమ్మిది వంతులు వెదజల్లుతుంది. అల్యూమినియం రంగు వెదజల్లేది సగం, లేదా అంతకన్నా తక్కువే. చదరపు మీటరు పలక ముందు నిలబడిన వంటమనిషికి ఈ తేడా వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు రెండు మూడు తగ్గినంత. చలిదేశాల్లో గది వెచ్చబడటానికే పొయ్యి పెట్టుకుంటారు కాబట్టి అక్కడ నలుపు సంప్రదాయమైంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే నెల్లూరులో వంటింటి పొయ్యి పక్క పలకలకు ఆ సంప్రదాయాన్ని అనుసరించవలసిన అవసరం లేదు. అల్యూమినియం పూతకు ఒక మెలిక ఉంది: బయటికి పోయే వేడి తగ్గినకొద్దీ లోహం మరింత వేడెక్కుతుంది. తలుపు లాంటి పలచని భాగాలకు అది అదనపు భారం.

నల్ల రంగుల్లోనూ రకాలున్నాయి. చవక రంగుల్లో వాడే నల్ల ఐరన్ ఆక్సైడ్ 200 డిగ్రీల ప్రాంతం నుంచి గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకొని ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. నల్లగా వేసిన పొయ్యి నెల తిరగకుండా గోధుమ రంగుకు రావడం వెనుక ఉన్నది చాలాసార్లు ఇదే. దాన్ని తుప్పనుకొని గీకి మళ్లీ అదే రంగు వేస్తే మళ్లీ అదే జరుగుతుంది. రాగి, క్రోమియం ఆక్సైడ్‌లను కలిపి కాల్చి తయారుచేసే నల్ల రేణువులు ఈ మార్పుకు లోనుకావు. మంచి రకం పొయ్యి రంగు ధర ఎక్కువగా ఉండటానికి అదొక కారణం. ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం గనులకు పేరు తెచ్చిన అభ్రకమూ ఈ కథలో ఉంది. పొరలు పొరలుగా విడిపోయి వేడికి చెక్కుచెదరని గుణం వల్ల పాతకాలపు పొయ్యి తలుపులకు అద్దాలుగా అభ్రకపు రేకులు బిగించేవారు. అభ్రకపు పొడిని వేడిని తట్టుకునే రంగుల్లోనూ కలుపుతారు. అల్యూమినియం రేణువులు కూడా రేకుల్లాంటివే. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకొని, చెమ్మ లోపలికి వెళ్లే దారిని పొడిగిస్తాయి.

పొయ్యి మండనప్పుడు జరిగేది

పొయ్యి రోజుకు రెండు మూడు గంటలు మండుతుంది. మిగతా ఇరవైకి పైగా గంటలూ చల్లటి ఇనుప వస్తువులా గాలిలో ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి తీర గ్రామాల్లో ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీరవుతుంది. వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం ఆ తేమకు గుర్తు. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ ఇంకా పొడి గాలిలోనే తేమను లాగుతుంది. పొయ్యి మీద కంటికి కనిపించని ఉప్పు పొర ఉంటే ఎండ కాసే రోజుల్లో కూడా ఇనుము తడిగానే ఉన్నట్టు లెక్క.

బీడు స్వభావం దీనికి తోడవుతుంది. ఇందులో కార్బన్ 2 నుంచి 4 శాతం ఉండి, ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకుల రూపంలో ఉంటుంది. పోత పోసిన ఉపరితలం సన్నటి గుంటలతో గరుకుగా ఉంటుంది. ఆ గుంటల్లో చేరిన ఉప్పును వైర్ బ్రష్ తీయలేదు. మెరిసేదాకా తోమిన పలక కూడా లోపల ఉప్పగానే ఉండవచ్చు. దాని మీద రంగు వేస్తే, సన్నటి సిలికోన్ పొరను దాటి వచ్చిన తేమను ఆ ఉప్పు పట్టుకుంటుంది, కింద తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును పైకి ఎత్తుతుంది. కాళ్ల దగ్గర కనిపించిన బొబ్బలు ఇలా పుట్టినవే. వేడిగా ఉండే పై పలకల కన్నా చల్లగా ఉండే కాళ్లు ముందు తుప్పు పట్టడం దీనివల్లే: వేడి పలక రోజూ ఆరుతుంది, కాలు ఆరదు.

కొండపి, కనిగిరి ప్రాంతాల్లో పొగాకు ఆకును వేడి గాలితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్, ఈ విషయాన్ని పెద్ద కొలతలో చూపిస్తుంది. బయట మండే కొలిమి నుంచి రేకు గొట్టాలు లోపల చుట్టి తిరిగి పొగగొట్టానికి చేరతాయి. ఆకు చుట్టూ ఉండే గాలి చివరి దశలోనూ 70 డిగ్రీల దగ్గరే ఆగుతుంది కానీ కొలిమి పక్క గొట్టం దానికి ఎన్నో రెట్లు వేడెక్కుతుంది. చివరి గొట్టం అంతగా వేడెక్కదు. కొలిమి దగ్గర లోహాన్ని మంట తింటుంది. చల్లటి కొసన పొగలోని ఆవిరి చెమ్మగా దిగి తింటుంది. ఎంత ఎండిన కట్టె అయినా, దానిలోని హైడ్రోజన్ వల్ల కిలో కాలితే అర కిలో దాకా నీటి ఆవిరి పుడుతుంది. పచ్చి సరుగుడు, పచ్చి సుబాబుల్ అయితే కట్టెలోని నీరు దానికి తోడవుతుంది. ఆ ఆవిరితో పాటు వచ్చే పుల్లటి ఆమ్లాలు గొట్టపు అతుకుల నుంచి కారి రంగు మీద గోధుమ చారలు పెడతాయి. వంట పొయ్యి పొగగొట్టానికీ ఇదే గతి. ఈ చారలకు మందు ఎండు కట్టె. రంగు మార్చితే పోవు.

బూడిదను కూడా ఈ లెక్కలో చేర్చాలి. కట్టె బూడిదలోని పొటాషియం కార్బొనేట్ తేమను పీల్చే గుణం ఉన్నది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బూడిద తీయకుండా వదిలేసిన పొయ్యి అడుగు తడి గుడ్డ చుట్టి ఉంచిన ఇనుముతో సమానం.

ప్రైమర్ పేచీ

ఇనుము అనగానే ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టడం పెయింటర్లకు అలవాటు. గేటుకు అది సరైన పద్ధతి. పొయ్యి పలకకు అదే ప్రమాదం. అందులోని ఎర్ర ఐరన్ ఆక్సైడ్ వేడికి చెడదు. దాన్ని పట్టి ఉంచే ఆల్కిడ్ జిగురు కాలిపోతుంది. పైనున్న సిలికోన్ పూత ఎంత మంచిదైనా, కింద పునాది బూడిదైపోతే పొరలు పొరలుగా లేచి వస్తుంది. పగుళ్లు పూడ్చడానికి వాడే ఎపాక్సీ ముద్దలు, కారు పుట్టీలదీ అదే దారి. పగుళ్లకు సోడియం సిలికేట్‌తో చేసిన ఫైర్ సిమెంట్ వాడాలి. పరిశ్రమల్లో ఇనార్గానిక్ జింక్ సిలికేట్ ప్రైమర్ మీద సిలికోన్ రంగు వేసే పద్ధతి ఉంది. అది 400 డిగ్రీల దాకా తుప్పును బాగా ఆపుతుంది. కానీ జింక్ 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పైగా ఆ ప్రైమర్‌కు ఇసుక చిమ్మి శుభ్రం చేసిన ఉపరితలం కావాలి. ఇంటి పొయ్యికి అది ఆచరణలో కష్టం.

అందువల్ల వేడి పలకలకు ప్రైమర్ లేకుండా నేరుగా సిలికోన్ రంగు వేయడమే మార్గం. కాళ్లు, అడుగు చట్రం లాంటి, మంట సాగుతున్నప్పుడు కూడా చేయి పెట్టి ఆగగలిగిన భాగాల సంగతి వేరు. వాటికి రెడ్ ఆక్సైడ్, దాని మీద మామూలు ఎనామిల్ వేస్తేనే తుప్పు నుంచి రక్షణ ఎక్కువ. పొయ్యి అంతటికీ ఒకే రంగు ఉండాలన్న పట్టుదలతో కాళ్లకూ ఖరీదైన సిలికోన్ వేయడం వల్ల రెండు విధాలా నష్టం. నిగనిగలో కాస్త తేడా కనిపిస్తుంది, అంతే.

గీకడం, కడగడం, ఆరబెట్టడం

పాత రంగు ఏ కాలం నాటిదో తెలియనప్పుడు పొడిగా గీకకూడదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని పది లక్షల వంతుల్లో 90 వంతులకు పరిమితం చేసే నిబంధన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. తడి గరుకు కాగితంతో రుద్దడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం, పాత రంగును మంట పెట్టి కాల్చకపోవడం కనీస జాగ్రత్తలు. పాత విదేశీ పొయ్యి తలుపు అంచున బూడిద రంగు తాడు ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని తడిపి తీసి, గాజుపీచు తాడు అమర్చాలి.

తుప్పు రాలగొట్టిన తరువాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో తాగే నీటినే వాడాలి. పెయింటర్లు దాటవేసే పని ఇదే. కడిగిన వెంటనే చిన్న మంటతో పలకను ఆరబెట్టి, నిప్పు పూర్తిగా తీసివేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే రంగు వేస్తే గుంటల్లో తేమ మిగలదు. స్ప్రే డబ్బాలోని గ్యాసు మండే స్వభావం కలది కనుక బూడిద కింద ఒక్క కణిక మిగిలినా అనర్థమే. తీరప్రాంతంలో తోమిన బీడు ఒక రాత్రి గాలికి ఉంటే మళ్లీ ఎర్రటి పొర కమ్ముతుంది. ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి మొదటి పూత పూర్తిచేయగలిగినంత పనే పెట్టుకోవడం మంచిది. ఫిబ్రవరి తరువాతి ఎండాకాలం ఇందుకు అనువైనది.

ఆరడం వేరు, కాలడం వేరు

పచ్చి కుండ ఎండలో ఆరినంత మాత్రాన నీళ్లు నిలపదు, ఆవంలో కాలాలి. సిలికోన్ రంగూ అంతే. థిన్నర్ ఆవిరైపోగానే చేతికి అంటకుండా ఆరుతుంది, కానీ జిగురు గట్టిపడటానికి 200 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అప్పటిదాకా గోరుకు లేస్తుంది, నూనె పడితే మెత్తబడుతుంది. ఒక రోజు ఆరనిచ్చిన తరువాత మొదట పుల్లలతో చిన్న మంట వేసి పలకను 120 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లారనివ్వాలి. రెండోసారి 200, 230 మధ్య ముప్పావు గంట, మూడోసారి వాడకంలో వచ్చే పూర్తి వేడికి తీసుకువెళ్లాలి. డబ్బా మీద వేరే పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించాలి. ఈ దశల్లో రంగు కాసేపు మెత్తబడుతుంది, ఘాటైన పొగ వస్తుంది. తలుపులు కిటికీలు తీసి ఉంచాలి. ఆ పూట పొయ్యి మీద వంట చేయకూడదు.

వేడి కొలవడానికి కోవిడ్ కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు. దాని పరిధి మనిషి జ్వరానికే. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ పరికరం నల్ల రంగు మీద బాగానే చూపుతుంది. అల్యూమినియం రంగు వేడిని తక్కువ వెదజల్లుతుంది కాబట్టి దాని మీద అసలు కన్నా తక్కువ చూపుతుంది. పరికరం లేనివారు రంగు వేయని పై పలక మీద నీళ్లు చిలకరించవచ్చు. చుయ్‌మని అక్కడికక్కడే ఆవిరైతే ఇంకా వేడెక్కాలి. చుక్కలు ముత్యాల్లా ఉండకట్టి దొర్లితే పలక 200 డిగ్రీల ప్రాంతానికి చేరినట్టు.

రంగు వేయకూడని చోట్లు, రంగు కాని పూతలు

మంట తగిలే లోపలి గోడలకు రంగు వేయడం వృథా. మొదటి వారంలోనే కాలిపోతుంది. పొగగొట్టంగా జీఐ పైపు (జింక్ పూత వేసిన ఇనుప గొట్టం) వాడి దాని మీద రంగు కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. జింక్ పూత 200 డిగ్రీలకు మించిన నిరంతర వేడికి తగినది కాదు. బాగా కాలితే వచ్చే పొగ ఆరోగ్యానికి హాని. మామూలు నల్ల ఇనుప గొట్టం వాడి సిలికోన్ రంగు వేయడం సురక్షితం.

రంగుకు బదులు గ్రాఫైట్ పాలిష్ వాడేవారు ఉన్నారు. ముద్దను గుడ్డతో రుద్దితే వెండి నలుపు మెరుపు వస్తుంది, పెచ్చులూడే ప్రశ్నే లేదు. కానీ అది తుప్పును ఆపదు. తీరంలో నెలకోసారి రుద్దుకోగలిగిన ఓపిక ఉన్నవారికే సరిపోతుంది. ఉదయగిరి, మర్రిపూడి వైపు పొడి వాతావరణంలో కొంతకాలం నిలుస్తుంది. గాజు ఎనామిల్ పూత అన్నింటికన్నా మన్నికైనది. అయితే దాన్ని 700, 800 డిగ్రీల కొలిమిలో కరిగించి అంటించాలి కాబట్టి పొయ్యి కొనేటప్పుడే ఉండాలి తప్ప తరువాత ఇంట్లో వేసేది కాదు.

గిన్నె ఆనే పై పలకకూ, దాని మూతలకూ ఏ రంగూ వద్దు. దోసె పెనానికి చేసినట్టు, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఉల్లిపాయ ముక్కతో పలచగా నూనె పూసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లారాక మళ్లీ పూస్తే నాలుగైదు సార్లకు నల్లటి గట్టి పొర కడుతుంది. పెద్ద మంటకు అది మధ్యలో కాలిపోతుంది. అప్పుడు ఆ మేరకు మళ్లీ నూనె రాస్తే చాలు, గీకే పని ఉండదు.